పనిచేసేవాళ్లు లేరన్నది అబద్ధం

ఖమ్మం మిర్చి యార్డు దగ్గరి టీ కొట్టు మొదలుకొని భద్రాచలంలో పెళ్లి విందుల దాకా ఒకటే మాట. పల్లెల్లో పనిచేసేవాళ్లు కరువయ్యారట, ఉపాధి హామీ వచ్చి కూలోళ్లకు బద్ధకం నేర్పిందట, వెనకటి మనుషులు ఒళ్లు దాచుకునేవాళ్లు కాదట. చదువుకున్నవాళ్లు కూడా ఈ మాట అంటుంటే కడుపు రగిలిపోతుంది. ఆ వెనకటి కాలాన్ని నేను కళ్లారా చూశాను.

గోదావరి ఒడ్డున మా ఊళ్లో మోతుబరుల ఇళ్లలో జీతగాళ్లుండేవాళ్లు. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లు, ఒక జత బట్టలు, ఒక గొంగడి అని ఉగాదికి కుదుర్చుకునేవాళ్లు. నా ఈడు పిల్లాడొకడు అలా పశువుల దగ్గరుండేవాడు. కోడి కూయకముందే పేడ తీయాలి, రాత్రి ఎడ్లకు గడ్డి వేశాకే పడక, ఆ పడకా కొట్టంలోనే. వానాకాలంలో వాళ్ల నాన్న తెచ్చుకున్న నాగు వడ్లు తీరేదాకా వాడికి ఆ గడప దాటే వీల్లేదు. బస్తా తెస్తే పంటకు బస్తాన్నర కొలవాలి మరి. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో వచ్చిన చట్టం ఆ కొట్టం దాకా రాలేదు. నిజమే, వాడు ఒళ్లు దాచుకోలేదు. దాచుకుంటే ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

తునికాకు పనీ అంతే. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లవారకముందే అడవికెళ్లి ఆకు కోసుకొచ్చేవాళ్లు. ఇంటిల్లిపాదీ కూర్చుని 50 ఆకుల చొప్పున పేర్చి, నారతో కట్టలు కట్టేవాళ్లు. కల్లం దగ్గర ఆకు కొనే కల్లేదారు కట్ట విప్పి, చిరుగుందంటూ పక్కన పడేసేవాడు. దానికి పైసలుండవు. సాయంత్రానికి ఆ కట్ట మాత్రం మిగతావాటితోపాటు ఎండలోకి చేరేది. పైగా నూటికి ఇన్నని కొసరు. 1980లలో ఎర్రజెండాల అండతో కూలీలు ఆకు కోయమని కూర్చున్నాకే కట్ట రేటు కదిలింది. కూలోళ్లు బరితెగించారన్న మాట నేను మొదట విన్నది అప్పుడే.

ఇక ఉపాధి హామీ. 2006లో తొలి విడతలోనే ఖమ్మం జిల్లాకు వచ్చింది. చట్టం ఇచ్చిన మాట కుటుంబానికి ఏడాదికి 100 రోజులు. దేశం మొత్తం మీద సగటున దొరికింది 50 రోజులకు అటూఇటూ. కొలతలు వేసి ఇచ్చే ఆ కాస్త కూలితో ఏ ఇల్లు ఏడాదంతా కూర్చుని తింటుంది?

జనవరి నుంచి మార్చి దాకా చర్ల, దుమ్ముగూడెం దారుల్లో తెల్లవారుజామున నిలబడి చూడండి. ట్రాలీ ఆటోల్లో ఊపిరాడకుండా కుక్కుకుని ఆడవాళ్లు మిరప చేలకు పోతుంటారు. రాష్ట్ర సరిహద్దు అవతలి సుక్మా, బీజాపూర్‌ల నుంచి వచ్చిన గొత్తికోయ ఆదివాసీలు చేలగట్ల మీదే పరదాలు కట్టుకుని నెలల తరబడి ఉంటారు. తేజ రకం మిరపకాయ ఏరిన చేతులు రాత్రంతా మండుతాయి. ఆ చేతులతో చంటిపిల్ల మొహం తుడవడానికి తల్లి భయపడుతుంది. వీళ్లనా బద్ధకస్తులంటున్నది?

పల్లె కూలి ఒక్కటే కాదు, కొత్తగూడెం, ఇల్లెందు బొగ్గు గనుల సంగతీ చూడండి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్లు, ఇప్పుడు 40 వేలకు అటూఇటూ. 2023–24లో తీసిన బొగ్గు మాత్రం 7 కోట్ల టన్నులు. గని కార్మికుడి కొడుకు అదే ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టరు కింద డంపర్ నడుపుతున్నాడు, తండ్రికొచ్చిన జీతం, క్వార్టరు లేకుండా.

కూలి ఇవ్వలేక రైతు నలిగిపోతున్న మాట నిజం. కౌలు, మందులు, ఏరుడు కూలి అన్నీ పెట్టి కాయ యార్డుకు తెస్తే ధర సగానికి పడిపోతుంది. 2017 ఏప్రిల్‌లో అలా కడుపు మండి ఖమ్మం యార్డులో తిరగబడితే, ఆ రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లారు. మిర్చికి గిట్టుబాటు ధర అడగాల్సినవాళ్లు, ఏరే ఆడమనిషికి ఇచ్చే కూలి ఎక్కువైందని గొణగడం నాకు మింగుడుపడదు. ఆమె పెంచమన్న పది, ఇరవై రూపాయలు రైతును ముంచలేదు. ముంచింది కాంటా దగ్గర తెగిన ధర.