చిత్రగుప్తుడికి పోటీ

పార్లమెంటు విలేఖరిగా నేను అన్నిటికంటె ఎక్కువసార్లు విన్న వాక్యం ఏదని అడిగితే తడుముకోకుండా చెప్పగలను. సమాచారం సేకరిస్తున్నామనీ, సేకరించిన పిమ్మట సభ సమక్షంలో వుంచుతామనీ మంత్రులు ఇచ్చే జవాబు అది. ప్రభుత్వాలు మారాయి, 2023లో సభాభవనమే మారింది. ఈ జవాబు మాత్రం చెక్కుచెదరలేదు.

అటువంటప్పుడు, ప్రపంచంలోని సమాచారమంతటినీ క్రమబద్ధం చేసి అందరికీ అందుబాటులోకి తేవడమే తన ధ్యేయమని ఒక అమెరికన్ కంపెనీ ప్రకటించుకుంటే మన అమాత్యులకు అసూయ కలగడం సహజం. 1998లో పుట్టిన గూగుల్ సంగతి చెబుతున్నాను. సేకరిస్తున్నామని అదీ అంటుంది. తేడా అల్లా, అది నిజంగానే సేకరిస్తుంది.

పురాణాలలో ఈ ఉద్యోగం చిత్రగుప్తుడిది. ఆయన మన పాపపుణ్యాలను చిట్టాకెక్కించి వూరుకున్నాడే తప్ప, ఆ చిట్టా చూపించి వర్తకుల వద్ద ప్రకటనలు సంపాదించలేదు. ఈ ఆధునిక చిత్రగుప్తుణ్ణి చెప్పుల ధర ఒక్కసారి అడిగి చూడండి, వారం రోజులు చెప్పులే మిమ్మల్ని వెంటాడుతాయి. చెడు చేయరాదన్న సూక్తి ఒకటి ఈ కంపెనీ ప్రవర్తనా నియమావళి పీఠికలో వుండేది. 2018లో దాన్ని అక్కడినుంచి తీసివేశారు. చివరి వాక్యంలో మాత్రం మిగిల్చారు. నాంది పోయి భరతవాక్యం మిగిలిందన్నమాట.

హాస్యం అటుంచితే, అసలు ప్రమాదం సేకరణలో కంటె ఎంపికలో వున్నది. లోక్‌సభలో 543 స్థానాలున్నా, స్పీకర్ దృష్టిలో పడినవారికే మాట్లాడే అవకాశం. కాని ఆ స్పీకర్‌ను సభ ఎన్నుకుంటుంది, నియమాలు కట్టడి చేస్తాయి. కోట్లాది పుటలలో ఏది మన కంటబడాలో, ఏది పదో పుట చీకటిలో పడివుండాలో నిర్ణయించే ఈ స్పీకర్‌ను ఎవరు ఎన్నుకున్నారు? మనమే ఎంచుకున్నామని కంపెనీ వాదన. ఫోన్లలోను, బ్రౌజర్లలోను తానే మొదట ప్రత్యక్షం కావడానికి 2021 ఒక్క సంవత్సరంలోనే అది 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్లు అమెరికా న్యాయస్థానంలో బయటపడింది. అంత చెల్లించి కొనవలసివచ్చిన అభిమానాన్ని మన ఎన్నికల భాషలో ఏమంటారో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆ గుత్తాధిపత్యాన్ని అది చట్టవిరుద్ధంగా కాపాడుకున్నదని న్యాయమూర్తి అమిత్ మెహతా 2024 ఆగస్టులో తీర్పు చెప్పారు. అయితే 2025 సెప్టెంబరులో, ఆ కంపెనీ తన బ్రౌజర్‌ను అమ్మివేయనవసరం లేదన్నదీ ఆయనే.

మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ ఫోన్ల వ్యవహారంలో విధించిన 1,337.76 కోట్ల రూపాయల జరిమానాను అప్పీలు ట్రిబ్యునల్ 2023 మార్చిలో సమర్థించింది. డాలర్లను వేల కోట్లలో వెదజల్లే సంస్థకు అది జరిమానాగా తోచిందో, బండి నిలిపినందుకు కట్టే రుసుముగా తోచిందో! నేరం జరిగిపోయిన తరువాత శిక్షించడం కంటె ముందుగానే ఇటువంటి సంస్థలను కట్టడి చేయాలన్న వుద్దేశంతో డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాను 2024 మార్చిలో ప్రజాభిప్రాయానికి విడుదల చేశారు.

ఈ లేఖ కోసం ఆ ముసాయిదా ప్రతి కావలసివచ్చింది. ఎక్కడ దొరుకుతుందో తోచక గూగుల్‌నే అడిగాను. రెప్పపాటులో తెచ్చి ముందుంచింది. నాటినుంచి న్యాయశాస్త్ర కళాశాలల ప్రకటనలు నన్ను వదలడం లేదు.