తాగే నీళ్ళలో ఏముందో చెప్పేదెవరు?

కంబదూరు: నీళ్ళు వస్తున్నాయా, లేదా అని అడిగే అధికారులు వున్నారు. వచ్చే నీళ్ళు ఎలాంటివని చెప్పేవారే కరువయ్యారు. వేసవి వస్తే ట్యాంకర్లు ఎన్ని తిరిగాయో లెక్క పత్రికల్లో వస్తుంది. కొత్త బోరుకు కొబ్బరికాయ కొట్టిన ఫోటో వస్తుంది. ఆ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత వుందన్న అంకె మాత్రం ఊరి జనం కంటికి కనబడదు.

అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదైనా అన్ని ఏళ్ళూ పడదు. చేదబావులు ఎండిపోయాయి. బోర్లు వందల అడుగులు దిగి రాతిని పట్టుకున్నాయి. ఏళ్ళ తరబడి రాతి సందుల్లో నిలిచిన నీటిలోకి ఆ రాతిలోని ఫ్లోరైడ్ దిగుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచీ లేదు. చూపుకు తేటగా వున్న నీళ్ళు మంచినీళ్ళని నమ్మి తాగుతున్నాం.

భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటరాదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ కొన్ని అపోహలు పోవాలి. నీళ్ళు కాచి తాగితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. ఆవిరిపోయిన మేరకు మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగ్ పౌడరు వేసినా అంతే, క్రిములకే అది మందు. నీళ్ళ క్యాన్లు అమ్మేవారు పెన్నులాంటి మీటరు ముంచి చూపించే అంకె నీటిలో కరిగిన లవణాల మొత్తం. అందులో ఫ్లోరైడ్ ఎంతో ఆ పెన్ను చెప్పలేదు. ఆ అంకె చూసి నిశ్చింతగా క్యాను మోసుకుపోయేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

పసిపిల్లల పండ్లు చిగుళ్ళ లోపల తయారయ్యే వయసు సుమారు ఎనిమిదేళ్ళ వరకు. ఆ కాలంలో ఎక్కువ ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే పండ్లమీద పడే పసుపు, గోధుమరంగు చారలు తోమితే పోయేవి కావు. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల పెదవి విప్పకుండా నవ్వడం ఇలాంటి ఊళ్ళలోనే చూస్తాం. మోతాదు మించి ఏళ్ళ తరబడి తాగినవారికి కీళ్ళు బిగుసుకుపోతాయి, వెన్ను వంగుతుంది. ఒకసారి వంగిన వెన్నును నిలబెట్టే మందు లేదు. ఇది కొత్తగా తెలిసిన సంగతీ కాదు. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు గుర్తించి రాశారు.

మరి ప్రభుత్వాలు ఏమీ చేయలేదా అంటే, చేశాయి. తుంగభద్ర నీళ్ళు చేరే పెన్నహోబిలం జలాశయం నుంచి శ్రీరామరెడ్డి త్రాగునీటి పథకం పైపులు కళ్యాణదుర్గం వైపు వచ్చాయి. 1995లో ప్రారంభమైన సత్యసాయి పథకం జిల్లాలో వందలాది గ్రామాల దాహం తీర్చింది. అయితే పైపులు పగులుతాయి, మోటార్లు కాలుతాయి, జీతాలు అందక పథకాల కార్మికులు సమ్మెకు దిగిన సందర్భాలూ వున్నాయి. పైపు నీళ్ళు రాని రోజున పల్లెలో ఏం చేస్తారు? అదే ట్యాంకులోకి బోరు నీళ్ళు ఎక్కిస్తారు. అదే కొళాయి, అదే బిందె. నిన్నటివి ఏటి నీళ్ళు, నేటివి రాతి నీళ్ళు. వాటర్‌మన్‌కు తప్ప మరొకరికి తెలియదు. వాటర్‌మన్‌ను నిందించి లాభం లేదు. ఊరికి చెప్పమని అతనికి చెప్పినవారు లేరు.

ఈ విషయంలో హైదరాబాదును చూడాలి. 1989లో ఏర్పడిన జలమండలి ఇంటింటి కనెక్షన్‌కు ఒక నంబరు ఇస్తుంది. దాన్ని అక్కడివారు క్యాన్ నంబరు అంటారు. (మనకు క్యాను వుంది గాని నంబరు లేదు.) నీళ్ళు మురికిగా వచ్చినా, అసలు రాకపోయినా 155313కు ఫోను చేస్తే ఫిర్యాదు నమోదవుతుంది. ఏ ఫిర్యాదును ఎన్నాళ్ళలో తీర్చాలో పౌరసేవా పత్రంలో రాసి పెట్టుకున్నారు. అక్కడ అంతా బాగుందని కాదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్ళు తాగి పలువురు చనిపోయారు. అప్పుడు నగరమంతా గగ్గోలు పుట్టింది, ఎవరిది తప్పని నిలదీశారు. ఫ్లోరైడ్ ఒక్కరోజులో చంపదు కనుక మన ఊళ్ళకోసం ఏ గగ్గోలూ పుట్టదు.

నగరవాసి బిల్లు కడతాడు, అందుకే అడిగే హక్కు అంటారు కొందరు. ఆ మాటకొస్తే 2021 నుంచి హైదరాబాదులో మీటరున్న ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం చేశారు. ఫిర్యాదు నంబరు మాత్రం తీసేయలేదు. ఇక్కడ 2 రూపాయలకే 20 లీటర్ల శుద్ధజలమని 2014లో ఎన్టీఆర్ సుజల స్రవంతి మొదలుపెట్టారు. ఇవాళ పల్లెల్లో కూలి డబ్బులో కొంత తీసి ప్రైవేటు ప్లాంటు క్యాను కొంటున్నారు. ఇంతా పెట్టి కొంటున్నా రికార్డుల్లో పల్లెవాసి ‘లబ్ధిదారు’, పట్నవాసి ‘వినియోగదారు’. లబ్ధిదారు చేతులు కట్టుకుని నిలబడాలి. నీళ్ళు బాగాలేవని చెప్పాలంటే కూలి పోగొట్టుకుని సోమవారం బస్సెక్కి కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వాలి.

2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో మంచి నియమం ఒకటి వుంది. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వడమే కాక, ఊరికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టెతో ఊళ్ళోనే నీళ్ళు చూడాలన్నారు. ఆ ఫలితాలు కంప్యూటరులోకి ఎక్కించాలట. బిందె పట్టుకుని నిలబడిన అవ్వకు కంప్యూటరు ఏం చెబుతుంది?

కనుక గ్రామీణ నీటి సరఫరా విభాగంవారిని ఇక్కడివారు అడగవలసింది పెద్ద ఖర్చు పనులు కావు. ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకు మీద, ప్రతి బోరింగు దగ్గర, పరీక్ష చేసిన తేదీ, ఫ్లోరైడ్ అంకె తెలుగులో రాయించాలి. 1.5 దాటితే ఎర్రరంగుతో రాయాలి. ట్యాంకులోకి బోరు నీళ్ళు ఎక్కించిన రోజున గుడి మైకులోనో మసీదు మైకులోనో చెప్పించాలి, వంటకూ తాగడానికీ పట్టవద్దని. ఫిర్యాదు చేసినవారికి నంబరు వేసిన చీటీ ఇచ్చి, ఎన్నాళ్ళలో బాగుచేస్తారో దానిమీద రాయాలి.

ముందు బడులతో మొదలుపెట్టవచ్చు. మధ్యాహ్న భోజనం వండేదీ, పిల్లలు దోసిట పట్టి తాగేదీ ఆ ట్యాంకు నీళ్ళే. జూన్‌లో బడులు తెరిచేలోగా మండలంలోని బడి ట్యాంకులన్నిటి మీదా ఆ అంకె పడాలి. ట్యాంకుకొక డబ్బా పెయింటు చాలు.