పక్కనే విమానాశ్రయం.. కొలువుకు దారేది?
* డిగ్రీ అర్హతతోనే ఏటీసీ ఉద్యోగం
* కోర్సుల ఎంపికలో అవగాహన లోపం
* ప్రకటనలను నమ్మితే నష్టమే

భోగాపురం: విజయనగరం జిల్లా భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. సుమారు 2,200 ఎకరాల్లో, 3,800 మీటర్ల రన్‌వేతో, తొలిదశలో ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికుల సామర్థ్యంతో దీనికి రూపకల్పన చేశారు. భూములిచ్చిన కుటుంబాల ముందున్న ప్రశ్న ఒక్కటే. పిల్లలు ఏం చదివితే ఈ రంగంలో ఉద్యోగం వస్తుంది? ఈ ప్రశ్నకు సరైన సమాధానం దొరకకే పలువురు తల్లిదండ్రులు అప్పులు చేసి అవసరం లేని కోర్సుల్లో పిల్లలను చేర్పిస్తున్నారు.

రంగంలో అవకాశాలు పెరుగుతున్న మాట వాస్తవం. 2023లో ఎయిరిండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. అయితే ఏ ఉద్యోగానికి ఏ శిక్షణ అవసరమో, ఏది అనవసరమో తెలుసుకోవడమే కీలకం.

పైలట్: ఖర్చే అడ్డంకి
కమర్షియల్ పైలట్ లైసెన్సుకు కనీస వయసు 18 ఏళ్లు. ఇంటర్‌లో భౌతిక, గణిత శాస్త్రాలు చదివి ఉండాలి. ఆర్ట్స్ గ్రూపుల వారు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఆ రెండు సబ్జెక్టులు రాసి అర్హత పొందే మార్గం ఉంది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) పరీక్షల్లో ఉత్తీర్ణత, 200 గంటల విమాన చోదన తప్పనిసరి. శిక్షణకు రూ.40 లక్షలకు పైగానే వ్యయమవుతుంది. ఆపై ఎయిర్‌బస్, బోయింగ్ వంటి విమానాలు నడపడానికి పొందాల్సిన టైప్ రేటింగ్ ఖర్చు అదనం.

ఫీజు కట్టిన తర్వాత వైద్య పరీక్షలో విఫలమైతే సొమ్మంతా వృథా. అందువల్ల ముందుగానే వైద్య పరీక్ష చేయించుకోవడం మేలు. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. ప్రవేశ పరీక్ష ద్వారా సీట్లు కేటాయిస్తారు, రిజర్వేషన్లూ వర్తిస్తాయి. డీజీసీఏ 2025 అక్టోబరు నుంచి పైలట్ శిక్షణ సంస్థలకు ర్యాంకులు ప్రకటించే విధానం తెచ్చింది. చేరే ముందు వాటిని పరిశీలించాలి.

ఇంజినీరింగ్: రెండూ ఒకటి కావు
ఏరోనాటికల్ బీటెక్, విమాన నిర్వహణ ఇంజినీర్ (ఏఎంఈ) శిక్షణ ఒకటేనని భావించడం సాధారణంగా జరిగే పొరపాటు. బీటెక్ ప్రధానంగా విమాన రూపకల్పనకు సంబంధించినది. మరమ్మతులు పూర్తయ్యాక విమానం ఎగరడానికి సిద్ధంగా ఉందని సంతకం చేసే అధికారం మాత్రం డీజీసీఏ లైసెన్సు ఉన్న ఏఎంఈకే ఉంటుంది. ఎంపీసీతో ఇంటర్ చదివినవారు ఈ శిక్షణకు అర్హులు. యంత్ర విభాగానికి బీ1, ఏవియానిక్స్‌కు బీ2 కేటగిరీలున్నాయి. మాడ్యూల్ పరీక్షల్లో 75 శాతం మార్కులు వస్తేనే ఉత్తీర్ణత. పని అనుభవం కూడా చూపాకే లైసెన్సు ఇస్తారు. చేరబోయే సంస్థకు 'కార్-147' ఆమోదం ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

ఏటీసీ: డిగ్రీ విద్యార్థులకు వరం
తక్కువ ఖర్చుతో గౌరవప్రదమైన ఉద్యోగం ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లో ఉంది. భౌతిక, గణిత శాస్త్రాలతో బీఎస్సీ చదివినవారు విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నిర్వహించే జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష రాయవచ్చు. 2025లో 309 పోస్టులకు నోటిఫికేషన్ వెలువడింది. గరిష్ఠ వయసు 27 ఏళ్లు, రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంది. వేతన శ్రేణి రూ.40,000 నుంచి మొదలవుతుంది. ఎంపికైనవారికి ప్రయాగ్‌రాజ్ తదితర కేంద్రాల్లో సంస్థే శిక్షణ ఇస్తుంది. ప్రైవేటు కోర్సుతో పని లేదు.

అయితే ఇక్కడొక చిక్కుంది. రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ సబ్జెక్టు విధానం అమల్లోకి వచ్చింది. గణితం మేజర్‌గా తీసుకున్న విద్యార్థి మైనర్‌గా భౌతికశాస్త్రం కాకుండా మరొకటి ఎంచుకుంటే ఏటీసీ అర్హతపైనే ప్రశ్న తలెత్తుతుంది. సబ్జెక్టులు ఎంచుకునే రోజున తెలియక చేసిన పొరపాటు మూడేళ్ల తర్వాత బయటపడుతుంది. కళాశాలల్లో అధ్యాపకులు ప్రవేశాల సమయంలోనే ఈ విషయం చెప్పాల్సి ఉంది.

క్యాబిన్ సిబ్బంది, గ్రౌండ్ స్టాఫ్
ప్రకటనల హోరు ఎక్కువగా ఉన్నది ఈ విభాగాల్లోనే. ఇంటర్ ఉత్తీర్ణత, నిర్దేశిత ఎత్తు, ఆంగ్లంలో మాట్లాడగలిగే నేర్పు ఉంటే క్యాబిన్ సిబ్బంది ఎంపికలకు నేరుగా హాజరుకావచ్చు. భద్రత, అత్యవసర చర్యల శిక్షణను ఎంపిక తర్వాత విమానయాన సంస్థలే ఇస్తాయి. ప్రైవేటు డిప్లొమాలు భాషను, నడవడికను మెరుగుపరచవచ్చేమో గానీ ఉద్యోగానికి హామీ కావు. 'నూరు శాతం ఉద్యోగం' అనేవారిని ఆ మాట రాసివ్వమని అడిగితే నిజం తేలిపోతుంది.

పదో తరగతి ఉత్తీర్ణులకు డ్రోన్ పైలట్ మార్గం ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 18 నుంచి 65 ఏళ్లవారు డీజీసీఏ ఆమోదిత కేంద్రంలో స్వల్పకాలిక శిక్షణ పొంది ధ్రువపత్రం తీసుకోవచ్చు. పొలాల్లో మందు పిచికారీకి డ్రోన్ల వినియోగం పెరుగుతున్నందున ఊళ్లోనే ఉపాధి దొరికే వీలుంది.

సమాచారమే అసలు సాయం
ఉత్తరాంధ్ర నుంచి ఇద్దరు కేంద్ర పౌర విమానయాన మంత్రులయ్యారు. 2014లో విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు, 2024లో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు ఆ బాధ్యతలు చేపట్టారు. పదవి ఢిల్లీలో దక్కినా దాని ఫలం పల్లెకు చేరాలంటే ప్రభుత్వ జూనియర్, డిగ్రీ కళాశాలల్లో ఏటా ఒక్క అవగాహన సదస్సయినా జరగాలి. ఏటీసీ పరీక్షకు ఉచిత శిక్షణ ఇప్పిస్తే మరీ మంచిది. లేదంటే భూములిచ్చినవారి పిల్లలకు విమానాశ్రయంలో కాపలా, పారిశుద్ధ్య పనులే మిగిలే ప్రమాదముంది.