వేలెడంత చేప... బోలెడంత సందడి!

చేపలు పట్టేవాడు కనిపిస్తే 'ఎంత పెద్దది పడింది?' అని అడగడం లోకరీతి. 'ఎంత చిన్నది పడింది?' అని అడిగేవాళ్లు కూడా ఉన్నారంటే నమ్ముతారా?

ఉన్నారు. ఇంగ్లండు సముద్రతీరంలో ఆటు సమయానికి నీళ్లు వెనక్కి పోగానే రాళ్ల మధ్య గుంటలు మిగులుతాయి. ఆ గుంటల దగ్గరికి సన్నటి కర్రలు పట్టుకుని బయల్దేరతారు కొందరు. వెంట్రుకలాంటి దారం, రెండు మూడు గ్రాముల బరువు, దాని కొసన అగ్గిపుల్లంత రబ్బరు పురుగు... ఇదీ సరంజామా. దీన్ని 'లైట్ రాక్ ఫిషింగ్' అంటారు. జపాన్‌లో పుట్టిన పద్ధతి ఇది. ఎన్ని కిలోలు పడ్డాయన్నది ఇక్కడ లెక్క కాదు. ఎన్ని రకాలు పడ్డాయన్నదే లెక్క. వేలెడంత చేపకు ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. జపాన్‌లోనే 'తనగో' అనే చిట్టి చేపను పట్టే సరదా ఇంకా పాతది. అందులో నాణెం మీద పట్టేంత చేపను పట్టినవాడే మొనగాడు!

'సముద్రమెక్కడ, నిజామాబాద్ ఎక్కడ?' అంటారా? నిజమే, తెలంగాణకు సముద్రతీరమే లేదు. కానీ ఆ రాళ్ల గుంటల్లో ఎక్కువగా పడేది గోబీ జాతి చేప. దాని చుట్టం మన మంజీరలోనే ఉంది.

మన ఇసుక దొందు

దాని పేరు ఇసుక దొందు. ఊరిని బట్టి పలికే తీరు కొంచెం మారుతుంది. ఇసుక రంగు ఒళ్లు, నెత్తి మీదికి ఎక్కిన కళ్లు, ఒంటికి మించిన నోరు. అడుగున ఇసుకలో కదలకుండా పడుకుని, ముందు నుంచి ఏది వెళ్లినా గుటుక్కుమనిపిస్తుంది. దాన్ని వెల్లకిలా తిప్పి చూడండి. పొట్ట కింది రెండు రెక్కలూ కలిసిపోయి చిన్న గిన్నెలా కనిపిస్తాయి. సముద్రపు గోబీలకూ ఇదే గుర్తు. కాబట్టి ఇంగ్లండు కుర్రాడు రాళ్ల మధ్య ఆడే ఆటనే బోధన్ కుర్రాడు కాలువ తూము దగ్గర ఆడుతున్నాడన్నమాట. కాకపోతే ఇతని కర్ర వెదురుది, ఎర ఎర్రలది, బెండు జొన్నదంటుది.

ఆ కాలువ కథ కూడా చెప్పుకోవాలి. మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. ఆనాటి ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్లు బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ పొలాలకు చేరాయి. నీళ్ల వెనకే చెరకు వచ్చింది. చెరకు వెనకే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన ఆ కర్మాగారం 2015లో మూతబడింది. కాలువ మాత్రం మిగిలింది. నీళ్లు వదిలినప్పుడల్లా వాటితోపాటు చేపలూ నదిలోంచి కాలువలోకి, కాలువలోంచి చెరువులోకి, చెరువులోంచి మడిలోకి చేరుతూనే ఉన్నాయి. తొలకరికి అవి ఎదురెక్కుతుంటే, మత్తడి దుంకుతుంటే ఊళ్లో సందడే వేరు!

పడేవి ఏమిటి?

గాలానికి ముందుగా తగిలేది పరక. వెండి ఒళ్లు, నల్లచుక్క, చిన్న నోరు. గాలం పెద్దదైతే ఎరను మాత్రం కొరుక్కుని మాయమవుతుంది. అందుకే దీనికి 14, 16 నంబర్ల గాలాలు కావాలి. గాలాల్లో నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని గుర్తుంచుకోండి. ఎరగా శనగగింజలో సగమంత గోధుమపిండి ముద్ద చాలు.

జెల్ల పడితే జాగ్రత్త! వీపు మీద ఒకటి, పక్కల రెండు ముళ్లు నిటారుగా నిలబడతాయి. గుచ్చుకుంటే సలుపు తగ్గడానికి చాలాసేపు పడుతుంది. పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

రబ్బరు పురుగుతో ఆడాలంటే ఇసుక దొందే సరైన జోడీ. పురుగును అడుగుకు దించి, జానెడు జానెడుగా లాగుతూ మధ్యమధ్యలో ఆపండి. ఆపినప్పుడే అది అందుకుంటుంది. నీళ్ల మీద రబ్బరు కప్పను లాగితే కొర్రమీను కూడా వస్తుంది గానీ, అది చిన్న కర్రతో అయ్యే పని కాదు.

ఇంకో మాట. నీళ్ల పైన ఎర్రటి పిల్లల గుంపు కుతకుతలాడుతూ కనిపిస్తే అక్కడ గాలం వేయకండి. అవి కొర్రమీను పిల్లలు. కిందనే పెద్దచేప కాపలా ఉంటుంది. దాన్ని పట్టారంటే గుంపంతా మిగతా చేపలకు ఆహారమైపోతుంది. కొర్రమీను 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయింది. ఆ గౌరవమైనా ఇవ్వాలి కదా!

కలుపు కాదు, కలిమి

ఇంత చిన్న చేపల గురించి ఇంత మాటెందుకంటారా? ఉంది సంగతి. చేపల పెంపకం పుస్తకాల్లో వీటికి పెట్టిన పేరు 'కలుపు చేపలు'. పెంపకపు కుంటలో బొచ్చె, రోహు పిల్లల్ని వదిలేముందు ఇప్పచెక్క వేసి వీటిని చంపేయమని చెబుతాయి ఆ పుస్తకాలు. పెద్దచేపల మేతలో ఇవి వాటాకు వస్తాయని ఆ లెక్క.

ఆ లెక్కను బంగ్లాదేశ్‌లో తిరగరాసిన శాస్త్రవేత్త శకుంతల థిల్‌స్టెడ్. ట్రినిడాడ్‌లో భారత సంతతి కుటుంబంలో పుట్టిన ఆమె, 'మోలా' అనే చిట్టిచేపలో విటమిన్-ఎ దండిగా ఉందని తేల్చారు. అదీ ఎక్కువగా కళ్లలో, పొట్టలోపలి భాగాల్లో! అంటే తలలు గిల్లి, పొట్ట శుభ్రం చేసి వండితే సారమంతా చెత్తబుట్టకే పోతుందన్నమాట. ముళ్లతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియం కూడా అందుతుంది. పెద్దచేపలతో కలిపి ఒకే కుంటలో మోలాను పెంచవచ్చని కూడా అక్కడ నిరూపించారు. ఈ కృషికే 2021లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

పెద్దచేప ముక్కలు చేస్తే పళ్లెంలో ఎవరికి ఎంత పడుతుందో ఇంటింటికీ తెలిసిందే. మంచి ముక్క ఇంటాయనకు, తలకాయ పులుసు చుట్టానికి, వండిన ఇల్లాలికి చివరికి పులుసు! చిన్నచేపల కూర అలా కాదు. గరిటెతో వడ్డిస్తే అందరికీ అందుతుంది. గర్భిణికీ, బడికెళ్లే పిల్లకూ కావలసింది ఇదే.

2016 తర్వాత తెలంగాణ చెరువుల్లోకి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లల్ని వదిలింది. మత్స్యకారుల సంఘాలకు అది మేలే. అయితే బొచ్చె పెరిగిన చెరువులో పరకకూ కాస్త చోటుండాలి. చోటివ్వడానికి ఖర్చు కూడా అక్కర్లేదు. పురుగుమందు డబ్బాలు కాలువలో కడగకపోవడం, దోమతెరల్లాంటి వలలతో పిల్లల్ని ఊడ్చెయ్యకపోవడం చాలు.

బయల్దేరే ముందు...

* చెరువు మీద హక్కు మత్స్యకారుల సంఘానిది. 'అన్నా, గాలం వేసుకుంటం' అని ఒక్క మాట అడగండి. ఏ చేప ఎక్కడుంటుందో వాళ్లే చూపిస్తారు.
* కాలువ నిండుగా పారుతున్నప్పుడు పిల్లల్ని ఒంటరిగా పంపకండి. సిమెంటు గట్లు పాకుడు పట్టి ఉంటాయి. జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. తూముల దగ్గరికి అసలే వద్దు.
* వదిలేసే చేపను తడిచేత్తోనే పట్టుకోండి. దాని ఒంటి మీది జిగురే దానికి రక్షణ. పొడిచేత్తో పట్టుకుంటే ఆ జిగురు ఊడిపోతుంది.
* గాలం మీది ఎదురుముల్లును పటకారుతో నొక్కేస్తే చేప నోరు చీలదు, మీ వేలికి దిగినా సులువుగా వస్తుంది.
* తెగిన నైలాన్ దారం గట్టు మీద పారేయకండి. కొంగ కాలికి చుట్టుకుంటుంది.

మృగశిర కార్తె వస్తే నిజామాబాద్ మార్కెట్లో చేపల కోసం తోపులాట ఉండనే ఉంటుంది. ఈసారి పెద్దచేపల ముందు బారులు తీరకుండా, మూలన బుట్టలో చిన్నచేపలు పెట్టుకుని కూర్చున్న అవ్వ దగ్గర కాసేపు ఆగండి. అరకిలో తూయించుకోండి. తలకాయలు మాత్రం తీయొద్దని చెప్పండి!