వాళ్ల కాళ్లూ చూడండి

సంపాదకులకు,

బట్టల షాపుల్లో మర్యాద కరువైందన్న గత సంచిక వ్యాసం సేల్స్ గర్ల్స్ ముఖాలు చూసింది గానీ కాళ్లు చూడలేదు.

పొద్దున షట్టరు లేచింది మొదలు రాత్రి దించేదాకా వాళ్లలో చాలామంది నిలబడే ఉంటారు. బేరాల్లేని మధ్యాహ్నం కూడా కూర్చోకూడదు. కెమెరాలో కనబడితే ఫ్లోర్ మేనేజరు నుంచి పిలుపొస్తుంది. ముప్పై చీరలు విప్పించి "మళ్లీ వస్తాం" అని బేరం వెళ్లిపోయాక, వాటిని మడత చెడకుండా పేర్చేదీ నిలబడే. బాత్రూముకు పోవాలన్నా అడగాలి, అందుకే నీళ్లు తాగడం తగ్గించుకుంటారు. సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి.

నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ ఏనాడో చెప్పింది. దుకాణాలకు ఆ మాట చేరడానికి కేరళలో ఆడవాళ్లు రోడ్డెక్కాల్సి వచ్చింది. కోళికోడ్‌లో కుట్టుపని చేసే విజి 'పెణ్‌కూట్టు' సంఘం పెట్టి, మరుగుదొడ్ల కోసం, కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని సవరించింది, 2021లో తమిళనాడు కూడా.

అంత పోరాటం చేస్తే గానీ దక్కనిది ఒక స్టూలు! తలుచుకుంటేనే కడుపు రగిలిపోతుంది.

వ్యాసకర్త అడిగిన శిక్షణ తరగతులు పెట్టండి, మంచిదే. ముందు కౌంటరుకు రెండు స్టూళ్లు వేయించండి. దసరా రద్దీ మొదలయ్యేలోపే విజయవాడ, హైదరాబాద్ షాపుల్లో కార్మిక శాఖ అధికారులు ఒకసారి తిరిగి చూడాలి.

– ఒక పాఠకురాలు, విజయవాడ