ఏసీ గ్యాస్‌కి కాదు, లీక్ వెతకడానికి డబ్బులివ్వండి

కొత్త ఫోన్ కొన్న ఏడాదికే బ్యాటరీ హెల్త్ 60 శాతానికి పడిపోతే మనం ఊరుకుంటామా? సర్వీస్ సెంటర్‌కి వెళ్తాం, స్క్రీన్‌షాట్లు చూపిస్తాం, కారణం చెప్పేదాకా అక్కడి నుంచి కదలం. అదే పాత కారులో ఏసీ చల్లదనం తగ్గితే మాత్రం “గ్యాస్ అయిపోయినట్టుంది, నింపించేస్తే పోలా” అనుకుని రెండు వేలు ఇచ్చి వచ్చేస్తాం. మళ్లీ ఏప్రిల్ వస్తుంది. మళ్లీ అదే షాపు, అదే రెండు వేలు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఏటా ఏసీ గ్యాస్ నింపించుకోవడం రిపేర్ కాదు, లీక్‌కి మనం కడుతున్న ఈఎంఐ. డబ్బు పెట్టాల్సింది ఆ లీక్ ఎక్కడుందో వెతికే పని మీద.

గ్యాస్ దానంతట అది అయిపోదు

పెట్రోల్ మండి ఖర్చవుతుంది. ఏసీ గ్యాస్ అలా కాదు. కంప్రెసర్ నుంచి ముందు గ్రిల్ వెనకున్న కండెన్సర్‌కి, అక్కడి నుంచి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటి డ్యాష్‌బోర్డ్ లోపలున్న కూలింగ్ కాయిల్‌కి, మళ్లీ కంప్రెసర్‌కి... అదే గ్యాస్ తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే బయటికి పోయిందనే అర్థం. రబ్బరు గొట్టాల గుండా ఏడాదికి కొన్ని గ్రాములు మామూలుగానే పోతాయి, నిజమే. కానీ ఒక్క ఏడాదిలోనే చల్లదనంలో తేడా తెలిసిపోతోందంటే అది మామూలు తగ్గుదల కాదు.

ఇంకో సంగతి. కంప్రెసర్‌కి కావాల్సిన ఆయిల్ ఆ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. గ్యాస్ బాగా తగ్గితే ఆయిల్ కూడా సరిగా తిరిగి రాదు. లీక్ దగ్గర కొంత బయటికి పోతుంది కూడా. గ్యాస్ మాత్రమే నింపుకుంటూ పోతే ఏదో ఒక ఎండాకాలం కంప్రెసరే పోతుంది. అప్పుడు బిల్లు వేలల్లోంచి పదివేలల్లోకి వెళ్తుంది.

గేజ్ చూసి ‘ప్రెషర్ బాగానే ఉంది’ అంటే?

ఇక్కడ చాలామంది పొరపడతారు. 2010 ప్రాంతంలో వచ్చిన కార్లలో ఉండే గ్యాస్ ఆర్-134ఏ. బండి ఆపి ఉన్నప్పుడు గేజ్ పెడితే, 35 డిగ్రీల వేడిలో దాదాపు 114 పీఎస్ఐ చూపిస్తుంది. గ్యాస్ నిండుగా ఉన్నా అంతే, సగమే ఉన్నా అంతే. లోపల కొంచెం ద్రవం మిగిలున్నంత వరకు ఆ అంకె చెప్పేది వేడి ఎంతో, గ్యాస్ ఎంతో కాదు. వంటింట్లో గ్యాస్ సిలిండర్ సంగతీ ఇంతే కదా. చివరి వారం దాకా మంట ఒకేలా వస్తుంది. అందుకే అమ్మ సిలిండర్‌ని ఊపి, ఎత్తి చూస్తుంది. కారు ఏసీలో కూడా నమ్మాల్సింది బరువునే.

నా కారు 2011 మోడల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పాత ఓనర్ ఇచ్చిన ఫైల్లో వరుసగా మూడు ఎండాకాలాలకి మూడు ‘ఏసీ గ్యాస్’ బిల్లులున్నాయి. కలిపితే 6,000 రూపాయలు. లీక్ టెస్ట్ అన్న మాట ఒక్క బిల్లులోనూ లేదు. అందుకే రికవరీ మెషీన్ ఉన్న వర్క్‌షాప్‌కి వెళ్లి, ముందు లోపలున్న గ్యాస్ బయటికి తీసి తూకం వేయమన్నాను. బానెట్ కింద స్టిక్కర్ మీద 400 గ్రాములని ఉంది. మెషీన్‌లోకి వచ్చింది 230. చివరిసారి నింపించి అప్పటికి ఎనిమిది నెలలు. అంటే నెలకి దాదాపు 21 గ్రాములు. సమస్య ఎంతదో మొదటిసారి ఒక అంకె దొరికింది.

ఏ టూల్ ఎంతవరకు పనికొస్తుంది?

యూవీ డై: నా ఓటు మొదట దీనికే. కొంచెం డై కలిపి గ్యాస్ నింపుతారు. రెండు వారాలు మామూలుగా నడిపి, చీకట్లో యూవీ టార్చ్ వేసి, పసుపు కళ్లద్దాలతో చూస్తే లీకైన చోట ఆకుపచ్చ-పసుపు రంగులో మెరుస్తుంది. నెమ్మదిగా పోయే లీక్‌కి ఇది బాగా సరిపోతుంది, ఎందుకంటే మనకి లేని ఓపిక దానికి ఉంది. నా కారులో లో-సైడ్ సర్వీస్ పోర్ట్ మెరిసింది. టైర్‌కి ఉన్నట్టే దానికీ లోపల ఒక వాల్వ్ పిన్ ఉంటుంది. దాని మూత ఎప్పుడో పోయింది. అంటే ఏటా గ్యాస్ నింపిన దారిలోంచే గ్యాస్ బయటికి పోతోందన్నమాట!

ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్: గ్యాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లు ముందు కొనేది ఇదే. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవి పెట్రోల్ వాసనకీ కూస్తాయి, డియోడరెంట్‌కీ కూస్తాయి. మంచిదైనా వాడే పద్ధతి ఉంది. గాలి ఆడకూడదు, ఫ్యాన్ తిరగకూడదు. ఈ గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి ప్రోబ్‌ని జాయింట్ కింద పెట్టి నెమ్మదిగా జరపాలి. డ్యాష్‌బోర్డ్ విప్పకుండా కూలింగ్ కాయిల్‌ని అనుమానించాలంటే మాత్రం ఇది చాలా ఉపయోగం. బ్లోయర్ ఆపి కాసేపు వదిలేసి, నీళ్లు కారే డ్రెయిన్ పైపు దగ్గర ప్రోబ్ పెట్టి చూడాలి.

వ్యాక్యూమ్ టెస్ట్: చాలా షాపుల్లో “అరగంట వ్యాక్యూమ్ నిలబడింది, లీక్ లేదు” అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. వ్యాక్యూమ్‌లో బయటి గాలి లోపలికి నెట్టేది మహా అయితే 14.7 పీఎస్ఐ. ఏసీ నడిచేటప్పుడు హై-సైడ్‌లో 200 పీఎస్ఐ పైనే లోపలి నుంచి బయటికి తోస్తుంది. లోపలికి లాగినప్పుడు బిగుసుకునే ఓ-రింగ్ బయటికి తోసినప్పుడు కారొచ్చు. లోపలున్న తేమ తీయడానికి వ్యాక్యూమ్ తప్పనిసరి. నెమ్మదిగా పోయే లీక్‌ని పట్టడానికి మాత్రం చాలదు.

నైట్రోజన్: తుది తీర్పు దీనిదే. వాల్వ్ పిన్ మార్చాక అక్కడితో ఆపొద్దని, గ్యాస్ మొత్తం తీసేసి 150 పీఎస్ఐ నైట్రోజన్ ఎక్కించి ఒక రోజు వదిలేయమని అడిగాను. ఇందులో ఒక కిటుకు ఉంది. సాయంత్రం 38 డిగ్రీల్లో 150 ఉన్నది పొద్దున 28 డిగ్రీలకి లీక్ లేకపోయినా 145కి దిగుతుంది. అందుకే మర్నాడు అదే టైమ్‌కి, అంతే వేడిలో చూశాం. 141 ఉంది. అంటే ఇంకో లీక్ ఉంది. సబ్బు నురగ పూస్తే కండెన్సర్ పైపు జాయింట్ దగ్గర ఒక నిమిషానికి సన్నటి బుడగలు లేచాయి. ఓ-రింగ్ గట్టిపడి పగిలిపోయింది. మొదటి లీక్ దొరికిందని సంబరపడి గ్యాస్ నింపేసి ఉంటే రెండోది అలాగే మిగిలిపోయేది.

ఓ-రింగ్ మార్చి, సిస్టమ్ విప్పారు కాబట్టి డ్రయర్ కూడా మార్చి, వ్యాక్యూమ్ చేసి, ఆయిల్ కొలిచి, 400 గ్రాములు తూచి ఎక్కించారు. మొత్తం 5,200 రూపాయలైంది. అందులో పార్టులు 1,100, గ్యాస్, ఆయిల్ 1,400, మిగతా 2,700 డై, నైట్రోజన్, లేబర్. తర్వాతి మే నెలలో థర్మామీటర్ పెట్టి చూస్తే వెంట్ దగ్గర 8-9 డిగ్రీలే ఉంది. గ్యాస్ ముట్టుకోలేదు.

తప్పు మెకానిక్‌దేనా?

అంత తేలిగ్గా అనేయలేను. ఎండాకాలం షాపు ముందు పది కార్లు ఆగి ఉంటాయి. ప్రతివాళ్లూ “అన్నా, గంటలో అయిపోవాలి” అనేవాళ్లే. పార్ట్ మారిస్తే డబ్బులిస్తాం, గ్యాస్ నింపితే ఇస్తాం. రెండు రోజులు వెతికి “రూపాయల ఓ-రింగ్ పోయింది” అంటే “దానికింతా?” అని బేరమాడతాం. వెతికిన టైమ్‌కి విలువ ఇవ్వని చోట ఎవరు మాత్రం వెతుకుతారు? ఫోన్ బోర్డ్ రిపేర్‌లోనూ ఇదే కథ. షార్ట్ ఎక్కడుందో కనిపెట్టేవాడికి తక్కువ, బోర్డ్ మొత్తం మార్చేసేవాడికి ఎక్కువ.

లెక్క మన జేబుతోనే ఆగదు. వాతావరణాన్ని వేడెక్కించడంలో ఆర్-134ఏ కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు బలమైనదని కిగాలీ ఒప్పందం లెక్క. 400 గ్రాములు గాల్లో కలిస్తే 572 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. అంటే దాదాపు 250 లీటర్ల పెట్రోల్ కాల్చినంత. 2016లో కుదిరిన ఆ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. 2032 నుంచి ఈ రకం గ్యాసుల వాడకం దశలవారీగా తగ్గించాలి. ఏటా నింపుకోవడానికి ఇది ఎప్పటికీ చవగ్గా దొరుకుతుందని లెక్కేసుకోవడం తెలివైన పని కాదు.

ప్రతి కారుకీ ఇంత చేయాలా అంటే, లేదు. లీక్ కూలింగ్ కాయిల్‌లో ఉండి, డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాల్సి వచ్చి, ఆర్నెల్లలో కారు అమ్మేస్తున్నారనుకోండి, ఆ ఖర్చు వద్దనుకోవడం మీ ఇష్టం. కానీ అది లీక్ ఎక్కడుందో తెలిశాక తీసుకోవాల్సిన నిర్ణయం.

రెండు జాగ్రత్తలు. డబ్బాలో దొరికే లీక్ సీలర్లు పోయొద్దు, అవి ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ని మూసేయొచ్చు, షాపు వాళ్ల మెషీన్‌ని కూడా పాడుచేయొచ్చు. ఇంట్లో పైపులు విప్పొద్దు. ఈ గ్యాస్ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది, ద్రవం చేతికో కంటికో తగిలితే అక్కడికక్కడే గడ్డకట్టిస్తుంది. టార్చ్ వేసి, జాయింట్ల దగ్గర దుమ్ము పట్టిన నూనె మరకలు చూడటం వరకు మన పని.

ఈసారి ఏసీ షాపుకి వెళ్తే మూడే ప్రశ్నలు అడగండి. పాత గ్యాస్ ఎన్ని గ్రాములు వచ్చింది? లీక్ ఎక్కడుందో చూపిస్తారా? కొత్తది ఎన్ని గ్రాములు ఎక్కించారో బిల్లులో రాస్తారా? వెతికినందుకు వేరే ఛార్జ్ అంటే బేరమాడకుండా ఇచ్చేయండి. ఆ బిల్లులో మీకు నిజంగా పనికొచ్చే లైన్ అదే.