వింటేజ్ కాదు బాబూ, పాతది!

పదేళ్ళు పాతబడిన కోడ్‌ని లెగసీ అని తిట్టుకుంటాం. అదే పదేళ్ళు అటక మీద పడున్న గిటార్‌ని మాత్రం అమ్మేటప్పుడు 'వింటేజ్' అంటాం. ఇదెక్కడి న్యాయమండీ?

మన ఐటీ వాళ్ళలో మొదటి బోనస్‌తో ఎలక్ట్రిక్ గిటార్ కొనేవాళ్ళకి కొదవ లేదు. మూడు నెలలకి అది గోడకెక్కుతుంది. ఇల్లు మారేటప్పుడు 'వింటేజ్ పీస్, చాలా తక్కువ వాడింది' అని ప్రకటన పడుతుంది. తక్కువ వాడిందన్నది మాత్రం అక్షరాలా నిజం :) కానీ కొనేదెవరు? కొత్తది కొనే స్తోమత లేని కుర్రాడు. ఆదిలాబాద్ నించి దాదాపు 300 కిలోమీటర్లు బస్సులో వచ్చి, పైసా పైసా కూడబెట్టుకున్నది మన చేతిలో పెట్టి పోయే పోరడు. తీగలు బిరుసుగా ఉండి, శృతి నిలవక, ఆర్నెల్లకి వాడనేమాట ఒకటే: "నా వేళ్ళకి రాదులే అన్నా". తప్పు వాడి వేళ్ళది కాదు, వంగిపోయిన నెక్‌ది. నా కోపమంతా ఇక్కడే.

పాతవాటిలో మంచివి లేవా? ఉన్నాయి. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఇవాళ లక్షలు పలుకుతుంది. చవకవాటిలోనూ ఉన్నాయి. డాన్ఎలెక్ట్రో వాళ్ళు 1950ల్లో చెక్క చట్రానికి మేసనైట్, అంటే కర్రపొట్టు నొక్కి చేసిన పలక, అతికించి అమ్మారు. అలాంటిదాన్నే జిమ్మీ పేజ్ వేదికల మీద వాయించాడు. అంటే ఖరీదు కాదు, వయసూ కాదు. పనిచేస్తోందా లేదా, అంతే. ఎవరైనా కలకత్తా గివ్సన్‌ని చూపించి పాత గిబ్సన్ అంటే మాత్రం 'వ'కీ 'బ'కీ తేడా చూసుకోండి.

మనం ఇంజినీర్లం కదా, నమ్మకం ఎందుకు, టెస్ట్ చేద్దాం.

మొదటిది నెక్. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి మధ్యలో చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే ఫరవాలేదు. రూపాయి బిళ్ళ సులువుగా దూరితే నెక్ వంగినట్టే. దాన్ని సరిచేసే ట్రస్ రాడ్ తిరుగుతోందో లేదో అడగండి. గిబ్సన్ కంపెనీకి ఆ రాడ్ మీద పేటెంట్ వచ్చిందే 1923లో. అది తుప్పుపట్టి బిగుసుకుపోతే దండం పెట్టి వచ్చేయండి.

రెండోది 12వ ఫ్రెట్. అక్కడ తీగ మీద ఊరికే వేలు ఆనించి మీటితే వచ్చే స్వరం, నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటే కావాలి. ట్యూనర్ అబద్ధం చెప్పదు.

మూడోది పికప్. కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, రెండో కొసన మల్టీమీటర్ పెట్టండి. మామూలు పికప్ అయితే కొన్ని కిలో ఓమ్‌లు చూపిస్తుంది. 250, 500 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తే అది వాల్యూమ్ పాట్ విలువ, లోపల కాయిల్ తెగిపోయింది. అమెరికన్ గిటార్ అయితే పాట్ వెనక 137తో మొదలయ్యే అంకెలు వెతకండి. 1376612 అంటే సీటీఎస్ కంపెనీ 1966 పన్నెండో వారంలో చేసిన పాట్. గిటార్ అంతకంటే పాతదని అంటే ఆ పాట్ మార్చారన్నా ఉండాలి, అబద్ధమన్నా ఉండాలి.

"పాత కర్రకి నాదం ఎక్కువ" అంటారా? ఆదిలాబాద్‌లో ఒక ఏడాది ఉంచి చెప్పండి. మేలో 45 డిగ్రీల ఎండ, పొడిగాలి, జులై వచ్చేసరికి ముసురు. కర్రని కదిపేది గాలిలో తేమే. ఎండాకాలం నెక్ కుదించుకుపోయి ఫ్రెట్ల కొసలు చేతికి గుచ్చుకుంటాయి. పక్కవీధిలో బాగుచేసేవాడు దొరకడు. ఒక్కో రిపేరుకీ హైదరాబాదో నాగపూరో పోవాలంటే చవక గిటార్ ఎంత ఖరీదైనదో లెక్కేసుకోండి.

నిజమైన పాత వాయిద్యం ఆ జిల్లాలోనే ఉంది. పరధానులు కిక్రీ వాయిస్తూ గోండుల పురాణాలు పాడతారు. దాన్ని ఎవరూ వింటేజ్ అనరు. వాయిస్తారు, వాయించడానికి పనికొచ్చేలా చూసుకుంటారు. వాయిద్యానికి విలువ అలా వస్తుంది, అటక మీద దుమ్ముతో రాదు.

కాబట్టి అమ్మేవాళ్ళకి ఒకటే మాట. ఈ మూడు టెస్టుల ఫలితం ప్రకటనలో రాయండి. రాడ్ తిరగకపోతే తిరగదని రాసి, ధర తగ్గించండి. తెలిసిన బగ్‌ని రిలీజ్ నోట్స్‌లో దాచిపెడితే క్లయింట్ ఊరుకుంటాడా? ఊరినించొచ్చిన కుర్రాడు అడగలేడని ఊరుకోవడమేనా మన నిజాయితీ?